‘ఏటి, ఇదీ తెల్దా?’ అనేవాళ్ళ మధ్య ప్రోగ్రామింగ్

ప్రశ్న: నాది నరసన్నపేట దగ్గర పల్లె. ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్, మూడో ఏడాది. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఊళ్ళ పేర్లున్న తెలుగు ఫైల్‌ని పైథాన్‌తో చదివించి లెక్కలు తీసే చిన్న ప్రాజెక్టు పెట్టుకున్నాను. ఫైల్ తెరవగానే ఏదో ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం ఆగిపోతోంది. పేరున్న ఒక ప్రశ్నోత్తరాల చోట రెండు వందల లైన్ల కోడ్, స్క్రీన్ ఫోటో పెట్టి అడిగాను. ఏడు నిమిషాల్లో ‘ఇంతకు ముందే అడిగిన ప్రశ్న’ అని మూసేశారు. మైనస్ మూడు పడింది. ఒకాయన ‘ముందు వెతకడం నేర్చుకో’ అన్నాడు. భయమేసి ప్రశ్న చెరిపేశాను. కాలేజీ కోడింగ్ క్లబ్ గ్రూప్‌లో అడిగితే సీనియర్ ఒకాయన ‘ఏటి, ఇదీ తెల్దా?’ అని నవ్వే బొమ్మ పెట్టాడు. ఇంకో పదిమంది నవ్వారు. అప్పట్నుంచి ఎక్కడా నోరెత్తలేదు. ఇలాంటి చోట్లు నాలాంటి బెరుకు మనుషుల్ని తరిమేయడానికే ఉన్నాయా? ఇవి లేకుండా ఈ పని నేర్చుకోలేమా?

సమాధానం: అవునమ్మా, తరుముతాయి. ఈ మాటకి వెంటనే ‘కానీ’ తగిలించం. మాటలు కరుగ్గా ఉండే చోట చివరికి తెలివైనవాళ్ళే మిగులుతారని చాలామంది నమ్మకం. మిగిలేది మాట పడగలిగినవాళ్ళు. వాళ్ళలో తెలివైనవాళ్ళు ఉంటారు, లేనివాళ్ళూ ఉంటారు. వెళ్ళిపోయేవాళ్ళు గుమ్మంలో నిలబడి కారణం చెప్పరు కదా, మీలాగే ప్రశ్న చెరిపేసి చప్పుడు లేకుండా పోతారు. అందుకని లోపల ఉన్నవాళ్ళకి ఆ నష్టం లెక్కలోకే రాదు. ‘మా దగ్గర ఎవరికీ ఇబ్బంది లేదే’ అని వాళ్ళు అనడం అబద్ధం కూడా కాదు, వాళ్ళకి కనిపించేది అంతే.

ఈ సంగతి ఆ లోకంలోని పెద్దలే ఒప్పుకున్నారు. కోడ్ నచ్చకపోతే రాసినవాళ్ళని కఠినంగా తిట్టడంలో లినక్స్ కెర్నెల్ (లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంకి గుండెకాయ) సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్‌కి పెద్ద పేరుండేది. 2018 సెప్టెంబరులో ఆయనే క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పనికి దూరంగా ఉన్నారు. అప్పుడే ఆ ప్రాజెక్టు కొత్త ప్రవర్తనా నియమావళి పెట్టుకుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో, ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల చోటు నడిపే స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థ, కొత్తవాళ్ళకీ ఆడవాళ్ళకీ తమ చోటు ఆదరంగా లేదని బహిరంగంగా రాసింది. ‘తిట్టకపోతే నాణ్యత పోతుంది’ అనేవాళ్ళకి ఒక్కటే చూపించండి: ఆ క్షమాపణ తర్వాత కూడా లినక్స్ కెర్నెల్ కొత్త విడుదలలు తొమ్మిది పది వారాలకొకటి చొప్పున వస్తూనే ఉన్నాయి.

అయితే మీ ఉత్తరంలో మూడు వేరు వేరు సంగతులు ఒకే దెబ్బలాగా కలిసిపోయాయి. ప్రశ్న మూసేయడం తాసీల్దారు ఆఫీసులో గుమాస్తా ముద్ర వేయడం లాంటిది. అందులో మీ మీద కోపం లేదు, ప్రేమా లేదు. ‘వెతకడం నేర్చుకో’ అన్నాయన అలిసిపోయిన మనిషి. మర్యాద తప్పాడు, అయినా పని గురించే మాట్లాడాడు. పదిమంది చూస్తుండగా నవ్వే బొమ్మ పెట్టిన సీనియర్ మాత్రం పని గురించి ఏమీ మాట్లాడలేదు. మొదటి రెండింటికీ పద్ధతి ఉంది, మూడోదానికి దూరమే మందు.

ముందు ముద్ర సంగతి. మీరు అడిగిన చోటు పేరు రాయలేదు, మాకూ అక్కర్లేదు. స్టాక్ ఓవర్‌ఫ్లో నియమాలు అందరికీ తెలిసినవి కాబట్టి వాటినే కొలబద్దగా తీసుకుందాం. అక్కడ ఒక ప్రశ్న మూయడానికి మామూలుగా మూడు ఓట్లు కావాలి. పాత ప్రశ్నే అని మూయడానికైతే ఆ విషయంలో బంగారు బ్యాడ్జి ఉన్న ఒక్కరు చాలు. ఏడు నిమిషాల్లో తలుపు పడటం ఇలాగే సాధ్యమవుతుంది. అలా మూసినప్పుడు ప్రశ్న పైన పాత ప్రశ్నకి లింకు పెడతారు. బెరుకున్నవాళ్ళు ‘మూసేశారు’ అన్న మాట చూసి అక్కడే ఆగిపోతారు, లింకు నొక్కరు. మీకు కావలసిన జవాబు చాలావరకు ఆ లింకులోనే ఉండి ఉంటుంది.

మైనస్ మూడు సంగతి కూడా లెక్క చూస్తే భయం తగ్గుతుంది. ప్రశ్నకి ఒక్కో ప్రతికూల ఓటుకి రెండు పాయింట్లు పోతాయి, ఒక్కో అనుకూల ఓటుకి పది వస్తాయి. కొత్త ఖాతా 1తో మొదలవుతుంది, ఎన్ని మైనస్‌లు పడ్డా 1 కన్నా కిందికి దిగదు. అంటే మూడు మైనస్‌ల తర్వాత మీ ఖాతాలో తగ్గింది సున్నా. నిజంగా నష్టం చేసేది మీరు చేసిన ఇంకో పని, అంటే చెరిపేయడం. ఆదరణ లేని ప్రశ్నలు ఎక్కువైతే కొత్త ప్రశ్న వేయనివ్వకుండా ఆ వ్యవస్థ దానంతట అదే ఆపేస్తుంది, చెరిపేసినవి కూడా ఆ లెక్కలోకి వస్తాయి. కాబట్టి చెరపకుండా దిద్దండి. పాత ప్రశ్న అన్న కారణంతో మూసినదైతే అలాగే వదిలేయవచ్చు, అదే వెతుకులాటలో వచ్చే రేపటి మనిషికి దారి చూపిస్తుంది. వివరాలు లేవని మూస్తే దిద్ది పంపితే మళ్ళీ తెరవాలా వద్దా అని చూసేవాళ్ళ వరుసలోకి వెళ్తుంది.

ఇంకో చిక్కు కూడా చెప్పుకోవాలి. వేరేవాళ్ళ ప్రశ్న కింద వ్యాఖ్య రాయడానికి 50 పాయింట్లు ఉండాలి. ఈ సంగతి తెలియని కొత్తవాళ్ళు ‘నాకూ ఇదే సమస్య, దొరికిందా?’ అని జవాబు పెట్టెలో రాస్తారు. అది జవాబు కాదు కాబట్టి తీసేస్తారు, మైనస్‌లు పడతాయి, మనిషి చిన్నబుచ్చుకుంటాడు. మీ సొంత ప్రశ్న కింద మాత్రం పాయింట్లతో పని లేకుండా వ్యాఖ్య రాయవచ్చు.

ఇక మీ ప్రశ్న. మీ ప్రోగ్రాం ఇంకా ఆగిపోతూనే ఉంది కాబట్టి దాన్నే విప్పి చూపిస్తాం. మంచి ప్రశ్న ఎలా తయారవుతుందో దీంతోనే తెలుస్తుంది.

రెండు వందల లైన్లు ఎవరూ చదవరు, చదవాల్సిన పనీ లేదు. ప్రోగ్రాంకి ఒక కాపీ తీసుకుని సగం చెరపండి. ఎర్రర్ ఇంకా వస్తోందా? మిగిలినదాంట్లో మళ్ళీ సగం చెరపండి. ఎర్రర్ పోతే, చివర తీసిన సగంలోనే దొంగ ఉన్నాడు, దాన్ని వెనక్కి పెట్టండి. ఇలా ఏడెనిమిది సార్లు చేస్తే రెండు వందల లైన్లు రెండో మూడో అవుతాయి. మీ ప్రోగ్రాంలో చివరికి మిగిలేవి రెండే: ఫైల్ తెరిచి చదివే లైను, చదివినది చూపించే లైను. తర్వాత ఫైల్‌ని కూడా అలాగే కోయండి. నోట్‌ప్యాడ్‌లో ఒక్క ఊరి పేరు రాసి యూటీఎఫ్-8గా (అన్ని భాషల అక్షరాల్నీ అంకెలుగా దాచే పద్ధతి ఇది) సేవ్ చేసి నడపండి. మామూలు ఇంగ్లీష్ విండోస్ మీద పైథాన్ 3.12 లాంటి వెర్షన్‌తో చేస్తే ఒక వింత కనిపిస్తుంది. ‘విజయనగరం’ అని రాస్తే ప్రోగ్రాం ఆగదు, పిచ్చి గుర్తులు వస్తాయి. ‘శ్రీకాకుళం’ అని రాస్తే ఆగిపోతుంది. రాజాం, పలాస దాటిపోతాయి. నరసన్నపేట, సాలూరు ఆగిపోతాయి.

ఊళ్ళ మీద పైథాన్‌కి పక్షపాతం ఏమీ లేదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ గుణింతం గుర్తుకీ దేనికదే మూడేసి బైట్లు, అంటే కంప్యూటర్ దాచుకునే మూడేసి అంకెలు పడతాయి. మీ ప్రోగ్రాం ఫైల్‌ని ఏ పద్ధతిలో చదవాలో చెప్పలేదు కాబట్టి పైథాన్ విండోస్‌ని అడిగింది, అది సీపీ1252 అనే పాత పట్టిక చేతిలో పెట్టింది. ఆ పట్టికలో 256 గదులు ఉంటే ఐదు ఖాళీ: 81, 8డి, 8ఎఫ్, 90, 9డి (కంప్యూటర్ లెక్కలో గదుల నంబర్లివి). ఒత్తు రాసినప్పుడల్లా లోపల పొల్లు గుర్తు పడుతుంది, దాని మూడో బైట్ సరిగ్గా 8డి. కొమ్ములో మూడోది 81. అంటే ఒత్తు ఉన్న పదమైనా, కొమ్ము ఉన్న పదమైనా ఖాళీ గదిలో కాలు పెడుతుంది. విజయనగరంలో ఒత్తూ లేదు, కొమ్మూ లేదు, అందుకే పడిపోకుండా పిచ్చి గుర్తులతో సరిపెట్టుకుంది. శ్రీకాకుళంలో శ మూడు బైట్లు సున్నా, ఒకటి, రెండు స్థానాల్లో ఉంటాయి. పొల్లువి మూడు, నాలుగు, ఐదు స్థానాల్లో. కాబట్టి ఎర్రర్ చివరి లైను ‘ఐదో స్థానంలో 8డి బైట్‌ని చదవలేను’ అంటుంది. మీ అసలు ఫైల్‌లో ఆ స్థానం ఏ వెయ్యో రెండు వేలో చూపించి ఉంటుంది, అందుకే ఏ ఊరి దగ్గర ఆగిందో తెలియలేదు.

మందు ఒక్కటే: ఫైల్ తెరిచే చోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి. చదివేటప్పుడే కాదు, రాసేటప్పుడూ రాయాలి. పైథాన్ 3.15 నుంచి ఇది చెప్పకపోయినా యూటీఎఫ్-8గానే తీసుకోవాలని పెప్ 686 అనే తీర్మానంలో ఉంది. అయినా మీ కాలేజీ ల్యాబులో ఏ వెర్షన్ ఉంటుందో చెప్పలేం, రాసేయడమే మేలు.

ఇప్పుడు ఈ రెండు లైన్లూ, రెండు ఊళ్ళ పేర్లూ పెట్టి ‘విండోస్‌లో తెలుగు ఫైల్ చదివితే కొన్ని పదాలకే డీకోడ్ ఎర్రర్ ఎందుకు వస్తోంది?’ అని శీర్షిక పెట్టి అడిగి ఉంటే? పాత ప్రశ్నే అని అప్పుడూ మూసేవాళ్ళేమో, కానీ మైనస్‌లు పడేవి కావు. ఎవరో ఒకరు బైట్ల కథ చెప్పి కూడా ఉండేవాళ్ళు. ‘పైథాన్ ఎర్రర్ అర్జెంట్ ప్లీజ్ హెల్ప్’ అన్న శీర్షికకి ఆ అవకాశం లేదు. మీకు అర్జెంటైనది వాళ్ళకి అర్జెంటు కాదు, పైగా ఆ శీర్షికతో రోజూ వచ్చే ప్రశ్నలకి లెక్కలేదు.

ప్రశ్నలో ఇంకేం ఉండాలంటే, విండోస్ వెర్షన్, పైథాన్ వెర్షన్, ఏం రావాలనుకున్నారు, ఏం వచ్చింది, ఏమేం చేసి చూశారు. ఎర్రర్ మొత్తం పై లైను నుంచి చివరి లైను దాకా అక్షరాలుగా కాపీ చేసి పెట్టాలి. స్క్రీన్‌ని ఫోన్‌తో తీసిన ఫోటో పెడితే కోపం రావడానికి కారణం ఉంది. ఫోటోలోని కోడ్‌ని కాపీ చేసి నడపలేరు, వెతుకులాటలో అది దొరకదు, చూపు లేనివాళ్ళ స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. ‘వెతకడం నేర్చుకో’ అన్నాయన మర్యాదగా చెప్పి ఉంటే ఇలా చెప్పేవాడు: ఎర్రర్ చివరి లైను తీసుకో, అందులో నీ ఫైల్ పేరు, నీ స్థానం అంకె తీసెయ్, మిగిలింది వెతుకు.

ఎంతసేపు సొంతంగా తంటాలు పడాలి? దూకుడు మనిషి పది నిమిషాలకే అడిగేస్తాడు, బెరుకు మనిషి మూడు రోజులు నలిగిపోతాడు. రెండూ దండగే. గంట పెట్టుకోండి. గంట తర్వాత ప్రశ్నని నోట్‌బుక్‌లో పైన చెప్పినట్టు పూర్తిగా రాయండి. రాస్తూ రాస్తూ ఉండగానే జవాబు తట్టడం మామూలు. ప్రోగ్రామర్లు దీన్ని బల్ల మీది రబ్బరు బాతుకి చెప్పుకోవడం అంటారు. గోడకి చెప్పుకోవడాన్ని మనం ఇన్నాళ్ళూ ఎగతాళికి వాడాం గానీ, పనికొచ్చే విద్యే.

ఇంగ్లీష్ గురించి మీరు నేరుగా అడగలేదు, కానీ తెలుగు మీడియం అని చెప్పడంలోనే ఆ భయం కనిపిస్తోంది. అక్కడి జనంలో ఇంగ్లీష్ పరాయి భాషే అయినవాళ్ళు చాలామంది ఉంటారు. పొట్టి వాక్యాలు చాలు. జాగ్రత్త పడాల్సింది మన ఇంగ్లీష్‌లోని ఒకటి రెండు మాటలతోనే. ‘డౌట్’ అంటే మనకి ప్రశ్న, వాళ్ళకి అపనమ్మకం. ‘మీ కోడ్ మీద నాకు డౌట్ ఉంది’ అంటే మీరు తప్పు పట్టారనుకుంటారు. ‘క్వశ్చన్’ అనండి. ‘డియర్ సర్’ వద్దు, అవతల ఉన్నది ఆడమనిషి కావచ్చు, పదిహేడేళ్ళ కుర్రాడూ కావచ్చు. అలాగే ‘హాయ్’ అని ఒక్క మాట పెట్టి బదులు కోసం కూర్చోవద్దు. మన దగ్గర అది మర్యాద. అక్కడ పనిలో ఉన్న మనిషిని పిలిచి ఊరుకున్నట్టు. నమస్కారం, ప్రశ్న ఒకే సందేశంలో పెట్టండి. వ్యాకరణం దిద్దడానికి చాట్‌జీపీటీ లాంటివి వాడుకోవచ్చు, అవి నవ్వవు, విసుక్కోవు కాబట్టి బెరుకున్నవాళ్ళకి సుఖం కూడా. కానీ తప్పు చెప్పేటప్పుడూ అదే ధీమాతో చెబుతాయి. వాటి రాతని నడిపి చూడకుండా జవాబుగా అతికించకండి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరు నుంచే అలాంటి జవాబుల్ని నిషేధించింది.

గ్రాంథికం రానివాడు కలం పట్టకూడదన్న పండితుల్ని ఎదిరించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది మీ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ‘మా భాషలో మా పద్ధతిలో అడగనివాడికి ప్రవేశం లేదు’ అనే మాట పాతదే, మన పక్క దానికి జవాబూ పాతదే. ఆయన ఊసు మళ్ళీ వస్తుంది.

అలిసిపోయిన మనుషుల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అందరికీ తెరిచి ఉండే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల్లోకి వెళ్ళాలనుకుంటే మీకు ఎదురయ్యేది వాళ్ళే. చాలా ప్రాజెక్టుల్ని ఒకరో ఇద్దరో, ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిపూట నడుపుతారు. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం టీషర్టులిస్తుందని వేలమంది పనికిరాని మార్పులు పంపి వాళ్ళని ముంచెత్తారు. ఎంతగా అంటే, తర్వాత ఇష్టపడి పేరిచ్చిన ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేశారు. ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకి 2024లో కొత్తవాళ్ళు తమ పేరు మాత్రం చేర్చిన మార్పులు వరద కట్టాయి. ఎవరో వీడియో పాఠంలో సాధన కోసం చూపించినదాన్ని అసలు ప్రాజెక్టు మీదే చేసేశారు. ఆ వరదలో మన దేశపు పిల్లలు చాలామంది ఉన్నారు, ఈ సంగతి దాచిపెట్టి లాభం లేదు. మీ పేరు చూసి ఎవరైనా ముందుగానే ముఖం ముడుచుకుంటే అది అన్యాయమే, కారణం మాత్రం ఇది.

అనుమానానికి ఇంకో కారణం 2024 మార్చిలో బయటపడింది. ఎక్స్‌జెడ్ అనే ఫైల్ కుదింపు సాధనంలో, రెండేళ్ళ పైచిలుకు ఓపికగా సాయం చేసి నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు మనిషి దొంగదారి పెట్టాడు. దాన్ని నడిపే మనిషి ఒక్కడే, అలిసిపోయి ఉన్నాడు, పక్కన కొన్ని ఖాతాలు ‘ఇంకొకరికి అప్పగించు’ అని ఒత్తిడి చేశాయి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని వెతికి పట్టుకున్నారు. ఇలాంటివి చూశాక కొత్త మనిషి కోడ్‌ని అడుగడుగునా తడిమి చూడటం తప్పనలేం. చాలా ప్రాజెక్టుల కోడ్ ఉండే గిట్‌హబ్ అనే సైట్‌లో మొదటిసారి మార్పు పంపితే, వాళ్ళ ఉచిత యంత్రాల మీద పరీక్షలు నడవడానికి ‘అనుమతి కోసం ఎదురుచూస్తోంది’ అని వస్తుంది. అది కూడా మీ మీద అపనమ్మకం కాదు. ఆ ఉచిత యంత్రాల మీద దొంగచాటుగా క్రిప్టో తవ్వినవాళ్ళ వల్ల 2021లో అందరికీ పెట్టిన గడియ.

పొట్టి మాటల్ని కూడా కోపంగా చదువుకోకండి. సమీక్షలో ‘నిట్’ అని మొదలైతే చిన్న చిల్లర సవరణ, కోడ్ బాగానే ఉందన్నమాట. ‘ఎల్‌జీటీఎం’ అంటే నాకు బాగుంది. జవాబే రాకపోతే? మీరు రాత్రి పదింటికి పంపితే అమెరికా పడమటి తీరంలో ఉదయం, వాళ్ళు ఉద్యోగానికి పోతున్నారు. లినక్స్ కెర్నెల్ పత్రాల్లోనే కనీసం వారం ఆగి గుర్తు చేయమని రాసి ఉంది. చిన్న ప్రాజెక్టుకి రెండు వారాలు ఆగి, ఒక్క లైనులో అడగండి. మొహమాటస్తులు ఇక్కడ చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. అందరి ముందూ అడగలేక, ప్రాజెక్టు నడిపే మనిషికి (మెయింటెయినర్) విడిగా సందేశం పెడతారు. కాలేజీలో అది మంచి పద్ధతే, ఓపెన్‌సోర్స్‌లో కాదు. విడిగా చెప్పిన జవాబు ఒక్కరికే పనికొస్తుంది, రేపు ఇంకొకరికి మళ్ళీ చెప్పాలి. అందుకే చాలామంది విడి సందేశాలకి బదులివ్వరు. అదీ అవమానం అనిపిస్తుంది, కాదు.

అడుగు పెట్టేముందు ఆ ప్రాజెక్టు గాలి ఎటు వీస్తోందో పావుగంటలో తెలుసుకోవచ్చు. నోరెత్తకుండా చదవడం బెరుకున్నవాళ్ళకి ఎలాగూ వచ్చిన విద్యే. ప్రాజెక్టు పేజీలో మూసేసిన మార్పుల జాబితా తెరవండి. కొత్తవాళ్ళు పంపినవి ఐదు వెతకండి. ఒక్కోదానికి మొదటి బదులు ఎన్ని రోజులకి వచ్చింది? తిరస్కరించినప్పుడు కారణం చెప్పారా, ఊరకే మూసేశారా? చివరి మార్పు ఎప్పటిది? కొత్తవాళ్ళకి దారి చెప్పే ఫైల్, ప్రవర్తనా నియమావళి ఉన్నాయా? ఐదింటిలో మూడు మర్యాదగా నడిస్తే చాలు. కొత్తవాళ్ళకి తగిన పని అని చెప్పే ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ గుర్తు ఒక్కదాన్నే నమ్మకండి, రెండేళ్ళ కిందట తగిలించి మరిచిపోయినవి బోలెడు. ఇక ఎస్క్యూలైట్ అనే డేటాబేస్ లాంటివీ ఉన్నాయి. కోడ్ అందరూ చూడవచ్చు, వాడుకోవచ్చు, కానీ బయటివాళ్ళ మార్పులు తీసుకోబోమని ముందే చెబుతారు. అలా గేటు మీదే రాసిపెట్టినవాళ్ళని మేము తప్పు పట్టం. రమ్మని పిలిచి గుమ్మంలో నిలబెట్టి నవ్వేవాళ్ళ కన్నా వెయ్యి రెట్లు నయం.

మీకు సరిపడే మొదటి పని ఒకటి సూచిస్తాం. గూగుల్ ఫాంట్స్‌లో ‘గిడుగు’, ‘గురజాడ’ అనే తెలుగు ఫాంట్లు ఉన్నాయి. ఒకటి శ్రీకాకుళం పంతులుగారి పేరు, ఒకటి విజయనగరం కవిగారి పేరు. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో ఎవరైనా వాడుకోవచ్చు, వాటి ఫైళ్ళు గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉంటాయి. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, ఉత్ప్రేక్ష, ద్వ్యర్థి లాంటి ఇరవై కష్టమైన పదాలు రాసి, రెండు ఫాంట్లలో, మూడు సైజుల్లో, ఫోన్‌లో ఒకసారి కంప్యూటర్‌లో ఒకసారి చూడండి. ఎక్కడైనా ఒత్తు కింది లైనుకి తగిలితే, అక్షరం మీద అక్షరం పడితే, బ్రౌజర్ పేరూ వెర్షనూ రాసి తెలియజేయండి. ముందు అదే ఫిర్యాదు ఎవరైనా చేశారేమో చూడండి. ఇక్కడ మాత్రం చిత్రం తప్పనిసరి, అక్షరం ఆకారమే సమస్య కాబట్టి. ఈ పనికి కోడ్ రాయక్కర్లేదు. తెలుగు చదవడం వచ్చిన కన్ను కావాలి, ఆ విషయంలో ఏ పెద్ద ప్రోగ్రామరూ మీ ముందు నిలవలేడు. గిట్‌హబ్ ఖాతా తెరిచేటప్పుడు సెట్టింగుల్లో మెయిల్ అడ్రసు దాచే ఏర్పాటు ఎంచుకోండి, లేకపోతే మీరు పంపే ప్రతి మార్పుతోనూ అది ప్రపంచానికి కనిపిస్తుంది. ఆడపిల్లలకి ఈ జాగ్రత్త ఎందుకో విడమర్చనక్కర్లేదు.

ఇప్పుడు క్లబ్. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మన సామెత. ముక్కూముఖం తెలియని మైనస్ మూడు కన్నా ఆ నవ్వే మిమ్మల్ని ఎక్కువ బాధించింది, బాధించక మానదు కూడా. న్యూయార్క్‌లో ప్రోగ్రామర్లు చేరి చదువుకునే రికర్స్ సెంటర్ అనే చోటు 2011 నుంచి ఉంది. అక్కడి నాలుగు నియమాల్లో ఒకటి, తెలియదన్నవాళ్ళ ముందు ఆశ్చర్యం నటించకూడదు. మీ సీనియర్ చేసింది సరిగ్గా అదే. ‘ఏటి, ఇదీ తెల్దా?’ అనడం వల్ల విన్నవాళ్ళకి ఏమీ తెలియదు, అన్నవాడు గొప్పవాడని తప్ప. అందుకే అక్కడ దాన్ని నిషేధించారు. మరో నియమం, అసలు విషయానికి సంబంధం లేని చిన్న తప్పు పట్టుకుని ‘నిజానికి ఏమిటంటే’ అంటూ అడ్డు తగలకూడదు. ఈ రెండూ కాగితం మీద రాసి, మీలాంటి ముగ్గురిని వెతుక్కోండి. నలుగురి కన్నా ఎక్కువైతే మళ్ళీ ఒకరు మాట్లాడి మిగతావాళ్ళు వింటారు. వారానికి ఒకసారి గంటన్నర, లైబ్రరీలోనో ల్యాబులోనో. ఒక్కొక్కరూ ఆ వారం ఆగిపోయిన చోటు ఒకటి తేవాలి. ఆగిపోనివాళ్ళు ఇంకొకరి కోడ్ బిగ్గరగా చదవాలి. ఎవరి కంప్యూటర్ మీద వాళ్ళ చేతులే ఉండాలి, పక్కవాళ్ళు కీబోర్డు లాక్కోకూడదు. అంతకన్నా నిబంధనలు వద్దు.

క్లబ్ ప్రవేశ పరీక్షలో, ప్రోగ్రామింగ్ పోటీలు నడిపే కోడ్‌ఫోర్సెస్ సైట్‌లోని రేటింగ్ అడుగుతుంటే ఒక్క మాట తెలుసుకోండి. అక్కడ కొత్త ఖాతాకి మొదటి ఆరు పోటీల దాకా రేటింగ్‌ని కావాలనే తగ్గించి చూపిస్తారు. రెండు పోటీలు రాసినవాళ్ళకి బూడిద రంగు రావడం లెక్క పద్ధతి వల్లే, మీ తెలివి కొలిచి వేసిన రంగు కాదు. ఉద్యోగానికి ఆ క్లబ్ గానీ, ఆ పాయింట్లు గానీ తప్పనిసరి కాదు. ఉద్యోగంలో రోజూ తప్పనిది మాత్రం ఒకటుంది, మీ కోడ్‌ని ఇంకొకరు చదివి తప్పులు చెప్పడం. ఆ అలవాటు నలుగురి బల్ల దగ్గర మొదలైనా చాలు.

ఎప్పుడు లేచి వచ్చేయాలి అంటే, మాట కోడ్ వదిలి మనిషి మీదికి మళ్ళినప్పుడు. మీ యాస, ఊరు, కులం, ఆడపిల్ల అన్న సంగతి అందులోకి వస్తే ఇంకో అవకాశం ఇవ్వక్కర్లేదు. ఆ రాత్రి బదులు రాయకండి. తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ప్రవర్తనా నియమావళిలో ఇచ్చిన చిరునామాకి రెండు వాక్యాల్లో పంపండి. అలాంటి చిరునామా లేని చోటైతే ఆ చోటు సంగతి మీకు తెలిసిపోయినట్టే. కాలేజీలో అయితే గ్రూప్ వదిలేసి, మీరు నమ్మే అధ్యాపకులకి చూపించండి.

ఈ వారం మీ పాత ప్రశ్నని తిరిగి బయటికి తీయండి, సొంతంగా చెరిపింది సొంతంగానే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఫోటో తీసేసి రెండు లైన్ల కోడ్, రెండు ఊళ్ళ పేర్లు పెట్టి దిద్దండి. తర్వాత ఎప్పుడైనా ఇంకో ప్రశ్న అడిగి, వచ్చిన జవాబుల్లో ఒకటి పనిచేస్తే దాని పక్కన టిక్ గుర్తు నొక్కండి. టిక్‌కి పాయింట్లేమీ అక్కర్లేదు. జవాబు చెప్పినవాళ్ళకి 15 పాయింట్లు వెళ్తాయి, టిక్ పెట్టినందుకు మీకు రెండు వస్తాయి. మీ ఖాతాలో 1 ఉన్న చోట 3 కనిపిస్తుంది.